కాలిపోయిన నాలుగొందల ఏళ్ళ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని అచ్చం అలాగే మళ్ళీ కడితే అది పాత భవనమేనా?

పాతగోడ (చర్చ మొదలుపెట్టినవారు)

కోపెన్‌హాగెన్‌లో బోర్సెన్ అని ఒక భవనం. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కట్టించిన వర్తకుల బజారు, తర్వాత్తర్వాత స్టాక్ ఎక్స్ఛేంజ్. నాలుగు డ్రాగన్లు తోకలు పెనవేసుకుని ఆకాశంలోకి లేచినట్టుండే దాని శిఖరం ఫోటో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 2024 ఏప్రిల్ 16 పొద్దున ఆ భవనం తగలబడింది. 56 మీటర్ల శిఖరం విరిగి పడింది. దాదాపు సగం భవనం పోయింది. నాలుగొందల ఏళ్ళ పండగ కోసమని చుట్టూ పరంజా కట్టి మరమ్మతులు చేస్తుండగా జరిగింది ఇదంతా.

భవనం ఇప్పుడు అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్‌ది. బూడిద చల్లారకముందే మళ్ళీ కడతామని వాళ్ళు చెప్పేశారు. అదే ఏడాది సెప్టెంబరు 26న రాజు పదో ఫ్రెడరిక్ వచ్చి శంకుస్థాపన కూడా చేశాడు. కట్టేది ఎలాగంటే, ముందు ఎలా ఉందో అలాగే. డ్రాగన్లతో సహా.

నాకు నచ్చనిది ఇదే. పోయింది పోయింది. కొత్త ఇటుక, కొత్త కర్ర, కొత్త రాగి రేకు పెట్టి పాత ముఖం తొడిగితే అది నాటకాల సెట్టింగు అవుతుంది గానీ 1625 నాటి భవనం ఎలా అవుతుంది? మిగిలిన సగాన్ని జాగ్రత్తగా కాపాడి, పోయిన సగాన్ని ఈ కాలం వాళ్ళు ఈ కాలం తీరులో కట్టాలి. అతుకు కనపడాలి. 2024లో ఇక్కడ నిప్పంటుకుంది అని గోడ చూడగానే తెలియాలి.

ఓటు పెట్టాను. (అ) ఉన్నది ఉన్నట్టు కట్టాలి. (ఆ) మిగిలింది ఉంచి, పోయింది కొత్తగా కట్టాలి. (ఇ) శిథిలంగా వదిలేయాలి. నా ఓటు (ఆ). వాదించండి, తిట్టుకోకండి.


వంతెనసైకిలు

నేను ఉండేది ఆ ఊళ్ళోనే. రోజూ క్నిపెల్స్‌బ్రో వంతెన మీదుగా సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తాను, వంతెన దిగగానే బోర్సెన్. ఆ రోజు పోలీసులు వంతెనకు ఇవతలే ఆపేశారు. ముందు పొగ చూసి ఏదో పడవ తగలబడుతోంది అనుకున్నా. తర్వాత చూస్తే పరంజా లోపల్నుంచి మంట.

మీరు సెట్టింగు అంటున్నారు కానీ ఆ రోజు అక్కడ నిలబడ్డ జనం ముఖాలు చూసి ఉంటే ఆ మాట అనరు. లోపలున్న పటాలూ బొమ్మలూ ఆఫీసు వాళ్ళు, ఫైర్ వాళ్ళు, దారినపోయేవాళ్ళు కూడా కలిసి మోసుకొచ్చారు. క్రోయర్ అనే చిత్రకారుడు 1895లో వేసిన పెద్ద చిత్రం ఒకటుంది, స్టాక్ ఎక్స్ఛేంజ్ హాల్లో యాభై మంది వర్తకులు నిలబడి ఉంటారు. దాన్ని గోడ మీంచి దించి బయటికి తెచ్చారు. పక్కన ఒక పెద్దాయన ఏడుస్తున్నాడు. ఈ దేశంలో మనుషులు బయట ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

వాళ్ళకు కావలసింది ఆ శిఖరం. వాళ్ళ ఊరు, వాళ్ళ డబ్బు. నా ఓటు (అ).


బేరగాడు

ముందు ఒక చిన్న సవరణ. స్టాక్ ఎక్స్ఛేంజ్ అనగానే మనవాళ్ళు షేర్లు, గంట మోగడం ఊహించుకుంటారు. అది కాదు. ఆ కాలంలో బోర్స్ అంటే సరుకు బజారు. ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ ఊళ్ళో వాన్ డెర్ బర్స్ అనే కుటుంబం ఉండేది, వాళ్ళ ఇంటి ముందు వర్తకులు చేరేవాళ్ళు, ఆ ఇంటిపేరే బోర్స్ అయింది అంటారు. కోపెన్‌హాగెన్‌ది కూడా అంతే. మూడు వైపులా నీళ్ళు, ఓడ తెచ్చి పక్కనే కట్టేయొచ్చు, కింద గోదాములూ కొట్లూ, పైన అంగళ్ళు. ఇప్పటి మాటలో చెప్పాలంటే నీళ్ళ ఒడ్డున ఒక మాల్.

పైగా కట్టించిన రాజే దాన్ని 1647లో ఒక వర్తకుడికి అమ్మేశాడు. మళ్ళీ రాజుల చేతికొచ్చింది. 1857లో వర్తకుల సంఘం కొనుక్కుంది. షేర్ల వ్యాపారం 1974 దాకా సాగి ఆగిపోయింది. అంటే తగలబడ్డ రోజుకి ఆ బిల్డింగులో బేరం ఆగి యాభై ఏళ్ళు. మిగిలింది ఆఫీసులూ విందులూ. ప్రాణం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చర్చ చొక్కా గురించి. చొక్కా పాతదైతేనేం కొత్తదైతేనేం, నాకైతే టెన్షన్ లేదు. ఓటు వెయ్యను.


పాతగోడ

బేరగాడు గారూ, మీరు నాకు సాయం చేస్తున్నారో దెబ్బ కొడుతున్నారో తెలియట్లేదు. పని ఆగిపోయిన భవనానికి మిగిలేది దాని ఒళ్ళే కదా. ఆ ఇటుక, ఆ దూలం, ఆ ఉలి గాటు. అదీ పోయాక ఇక ఏం మిగిలింది, బొమ్మ తప్ప?

వంతెనసైకిలు గారూ, ఆ పెద్దాయన ఏడుపుని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆయన పోయినదాని కోసం ఏడ్చాడు. దాన్నే మళ్ళీ చేసి చేతిలో పెడితే పోయిందన్న నిజం కూడా చెరిపేసినట్టు కాదూ?

ఇంకోటి. ఇది నా సొంత పైత్యం కాదు. 1964 నాటి వెనిస్ పత్రం, ప్రపంచమంతా కట్టడాల సంరక్షణకు ప్రమాణంగా పెట్టుకున్నది, పునర్నిర్మాణం ముందే కొట్టిపారేయాలి అనే చెబుతుంది.


గానుగసున్నం

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మొదట పత్రం సంగతి. మీరు చెప్పిన ఆ ముక్క పదిహేనో అధికరణంలో ఉంది, అది తవ్వకాల్లో బయటపడే శిథిలాల గురించి. పడిపోయిన రాళ్ళను ఎత్తి వాటి చోట నిలబెట్టొచ్చు, అంతకు మించి ఊహించి కట్టొద్దు అని. నిన్నటి దాకా మనుషులు కుర్చీలేసుకుని కూర్చున్న భవనం గురించి కాదు. మీకు పనికొచ్చేది పన్నెండోది. లోపించిన భాగాలు పెడితే మొత్తంలో ఒదిగిపోవాలి, కానీ దగ్గరగా చూస్తే అసలుది ఏదో కొత్తది ఏదో తెలియాలి. మీ వాదన దాని మీద నిలబెట్టుకోండి, గట్టిగా ఉంటుంది.

ఇక మీరు 1625 నాటి ఒళ్ళు అంటున్నారు. ఏ ఒళ్ళు? లెక్క చూద్దాం.

కప్పు: మొదట సీసం రేకు. 1658లో స్వీడన్ సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు ఊరివాళ్ళు ఆ సీసం ఊడబెరికి తుపాకీ గుళ్ళు పోసుకున్నారు. మనం ఫోటోల్లో చూసి మురిసిపోయే పచ్చటి రాగి కప్పు ఎన్నో తరాల తర్వాత వచ్చింది.

శిఖరం: 1625లో నిలబెట్టారు. 1775 నాటికి పాడైపోతే మార్చి మళ్ళీ చేశారు. అంటే 2024లో కూలిన శిఖరం నాలుగో క్రిస్టియన్ కంటితో చూసింది కాదు. దాని తర్వాతి తరం.

ఇప్పుడు చెప్పండి, 1775లో దాన్ని మళ్ళీ చేసినవాడు చేసింది నకలా? అప్పుడు మీలాంటివారు ఒకరుంటే, ఈ కాలం తీరులో వేరే శిఖరం పెట్టండి అని ఉంటే, మీరు ఇవాళ బాధపడడానికి డ్రాగన్లే ఉండేవి కావు.

మూడో విషయం గోడలు, నాకు ముఖ్యం అదే. ఏప్రిల్ 16న నిప్పు, 18న బయటి గోడ పెద్ద భాగం కూలింది. మంట ఆరాక ఎందుకు కూలింది అని చాలామంది అడిగారు. ఇలాంటి భవనంలో ఇటుక గోడ ఒంటరిగా నిలబడదు. అంతస్తుల దూలాలు, కప్పు వాసాలు అటు గోడనూ ఇటు గోడనూ చేతులు పట్టుకున్నట్టు పట్టి ఉంచుతాయి. అవి కాలి బొగ్గయ్యాయంటే పొడవాటి గోడకు పక్క ఆసరా లేదు. పైగా వేడికి ఒక ముఖం వ్యాకోచిస్తుంది, రెండో ముఖం కాదు, గోడ వంగుతుంది. ఆపైన టన్నులకొద్దీ నీళ్ళు తాగి ఉంటుంది. అందుకే గోడల పక్కన కాంక్రీటు నింపిన కంటెయినర్లు పేర్చి ఆనించారు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ అప్పుడు చెయ్యగలిగింది అదే.

ఇప్పుడు మీ (ఆ) ఓటు దగ్గరికి. కొత్త సగం ఈ కాలం తీరులో అంటే ఏమిటి? ఉక్కు, కాంక్రీటు, గాజు. పాత సగం మెత్తటి ఇటుక, సున్నం గార. సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది, చలికీ ఎండకీ కొంచెం కదులుతుంది, వెంట్రుకంత పగుళ్ళను తనే పూడ్చుకుంటుంది. సిమెంటుకు ఆ గుణాలు లేవు. సిమెంటు వేసిన చోట తేమ బయటికి పోయే దారిలేక ఇటుకలోంచి పోతుంది, ఉప్పు గడ్డకట్టి ఇటుక ముఖం పొక్కు లేచినట్టు రాలిపోతుంది. పాత గోడలకు సిమెంటు పూసి చంపిన మరమ్మతులు నేను చూసినన్ని మీరు చూసి ఉండరు, ఒకట్రెండు చోట్ల నేనూ కుర్రతనంలో ఆ పాపం చేశాను. మిగిలిన సగం బతకాలంటే దాని పక్కన కట్టే సగం దాని జాతిదే అయి ఉండాలి. అందం గురించి నేను మాట్లాడటం లేదు. రెండూ ఒకే గోడ, ఒకేలా ఊపిరి పీల్చాలి, అంతే.

నా ఓటు (అ). కారణం డ్రాగన్లు కాదు, సున్నం.


నూరుకాగడాలు

గానుగసున్నం మాస్టారికి దండం. ఇటుక గురించి ఇంత ప్రేమగా ఎవరైనా మాట్లాడితే వినాలనిపిస్తుంది.

శిఖరం గురించి ఒక తమాషా. దాని నమూనా ఇచ్చిన లుడ్విగ్ హైడ్‌ట్రైడర్ వృత్తిరీత్యా బాణసంచా నిపుణుడు. ఊళ్ళోవాళ్ళ నమ్మకమేమో ఆ డ్రాగన్లు భవనాన్ని శత్రువుల నుంచీ నిప్పు నుంచీ కాపాడతాయని. పక్కనే ఉన్న క్రిస్టియన్స్‌బోర్గ్ రాజభవనం 1794లో ఒకసారి, 1884లో ఒకసారి తగలబడింది, బోర్సెన్‌కి ఏమీ కాలేదు. నమ్మకం బలపడింది. బాణసంచావాడు గీసిన బొమ్మ నాలుగొందల ఏళ్ళు నిప్పుని ఆపిందంటే మెచ్చుకోవాల్సిందే.


మంటపటం

అందరూ తప్పు ప్రశ్న మీద కొట్టుకుంటున్నారు. నేను అగ్నిమాపక రంగంలో పనిచేస్తాను, కాబట్టి ఇలాగే మాట్లాడతాను, క్షమించండి.

2019 ఏప్రిల్ 15, పారిస్ నోత్ర దామ్ చర్చి. మరమ్మతుల సమయం. 2018, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్. 2014లో ఒకసారి కాలితే దాన్ని బాగుచేస్తూ ఉండగా రెండోసారి, ఈసారి ఇంకా ఘోరంగా. 2024 ఏప్రిల్ 16, బోర్సెన్. మరమ్మతుల సమయం. పాత భవనానికి శత్రువు వయసు కాదు, దాన్ని బాగుచేస్తున్న రోజులు. పరంజా, గుడ్డ తెరలు, వేడిచేసే పనిముట్లు, తాత్కాలిక కరెంటు తీగలు, ఆపేసిన అలారాలు, తెరిచి ఉంచిన తలుపులు, ఇవన్నీ ఒకేసారి అక్కడ ఉంటాయి. ఏ భవనంలో ఏది కారణమన్నది నేను చెప్పడం లేదు. ప్రమాదం పెరిగే కాలం ఏది అని చెబుతున్నా.

రెండోది కప్పు. కప్పు కింద ఒక చివర్నుంచి ఇంకో చివరకు వందల ఏళ్ళ ఎండు కర్ర, మధ్యలో అడ్డుగోడ లేని ఖాళీ. పైన రాగి రేకు. మంట లోపల, నీళ్ళు బయట. రేకు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, నీళ్ళేమో దాని మీంచి జారిపోతాయి. కోపెన్‌హాగెన్‌లో ఫైర్ వాళ్ళు అందుకే అంత తిప్పలు పడ్డారు.

కాబట్టి మీరు అచ్చం అలాగే కడతామంటే నేను అడిగేది ఒకటే, ఆ లోపలి ఖాళీ కూడా అచ్చం అలాగేనా? అడ్డుగోడలు పెట్టకుండా? నీటి తుంపర గొట్టాలు లేకుండా? నోత్ర దామ్ కప్పు మళ్ళీ ఓక్ కర్రతోనే కట్టారు, పైన మళ్ళీ సీసమే వేశారు. కానీ అటకలో నీటి పొగమంచు చల్లే ఏర్పాటు చేశారు. బయట 13వ శతాబ్దం, లోపల 21వ శతాబ్దం. నాకు అది ఓకే. కంటికి కనపడేదాని గురించి మీరు కొట్టుకోండి, కనపడనిది మాకు వదిలేయండి.


పాతగోడ

మంటపటం గారూ, మీరు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ చూశారా, అప్పుడే అచ్చం అలాగే అన్నది కాస్తా అచ్చం అలాగే కాకుండా పోయింది. లోపల గొట్టాలు, వైర్లు, అడ్డుగోడలు. పైన మాత్రం మేకప్.

గానుగసున్నం గారూ, అధికరణం తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నా. సున్నం పక్కన సున్నం అన్నది కూడా ఒప్పుకుంటున్నా. కానీ సున్నంతో కొత్త ఆకారం కట్టకూడదని ఎవరన్నారు? విండ్సర్ కోట చూడండి. 1992లో కాలింది, 1997కి కట్టడం అయిపోయింది. కొన్ని గదులు ముందున్నట్టే చేశారు. సెయింట్ జార్జ్ హాల్ కప్పు మాత్రం కొత్త నమూనా, పచ్చి ఓక్ కర్రతో, పాత వడ్రంగి పద్ధతిలో. చేతిపని పాతది, రూపం కొత్తది. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. నేను అడిగేది అలాంటిదే.


దూలంకింద

(ఇ) కి ఓటు వేసింది నేనొక్కణ్ణేనా?


బేరగాడు

అవును గురూ, నువ్వొక్కడివే. నగరం నడిబొడ్డున పార్లమెంటు పక్కన శిథిలం పెట్టుకుంటారా ఎవరైనా?


దూలంకింద

సరే, సరదాకి వేశా. కానీ ఒక కథ చెప్తాను, ఎవరూ ఇంతవరకూ ఎత్తలేదు.

షికాగో స్టాక్ ఎక్స్ఛేంజ్. 1894లో ఆడ్లర్, సల్లివన్ అనే ఆర్కిటెక్టులు కట్టారు. లోపల బేరాల హాలు గోడలంతా రంగురంగుల అచ్చు నగిషీ, పైన రంగుటద్దాలు. నిప్పు కాదు, భూకంపం కాదు, 1972లో మనుషులే కూల్చేశారు, ఆ స్థలంలో ఆఫీసు టవర్ కోసం. రిచర్డ్ నికెల్ అనే ఫోటోగ్రాఫర్ సల్లివన్ భవనాలు ఒక్కోటి కూలుతుంటే ఫోటోలు తీసి, చేతికందిన నగిషీ ముక్కలు ఏరి దాచేవాడు. ఆ ఎక్స్ఛేంజ్ కూలుస్తుండగా 1972 ఏప్రిల్‌లో లోపలికి వెళ్ళాడు, అంతస్తు విరిగి పడి చనిపోయాడు. ఆయన శరీరం దొరకడానికి వారాలు పట్టింది.

తర్వాత ఏం చేశారో తెలుసా? ఆ బేరాల హాలుని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ లోపల మళ్ళీ నిలబెట్టారు. కాపాడిన ముక్కలు కొన్ని, లేనివి కొత్తగా చేసినవి. 1977 నుంచి చూడొచ్చు. ద్వారం తోరణం ఒక్కటీ బయట పచ్చిక మీద, ఏ గోడా లేకుండా, దేనికి ద్వారమో తెలియకుండా నిలబడి ఉంటుంది.

నేను ఆ హాల్లో నిలబడ్డాను. అందంగా ఉంది. కానీ కిటికీ అవతల వీధి లేదు. ఆ గదికి చుట్టూ ఊరు లేదు. పాతగోడ గారు అసలు ముక్కలు ముఖ్యం అంటున్నారే, అక్కడ అసలు ముక్కలున్నాయి, చోటు లేదు. బోర్సెన్‌లో చోటు ఉంది, సగం ముక్కలు లేవు. రెండిట్లో ఏది నకలు అంటే, నాకు షికాగోదే ఎక్కువ నకలు అనిపించింది, అసలు ముక్కలతో చేసింది అయినా సరే.


వంతెనసైకిలు

ఇది బాగా చెప్పారు. నా మనసులో ఉన్నదానికి మాట దొరకక తిప్పలు పడుతున్నాను పొద్దుట్నుంచీ.


మిడతజెండా

లండన్ రాయల్ ఎక్స్ఛేంజ్ సంగతి చూస్తే ఈ వాదనకు ఇంకో కొస దొరుకుతుంది. థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు ఆంట్‌వెర్ప్ ఎక్స్ఛేంజ్ చూసి వచ్చి అలాంటిది కట్టించాడు. 1571లో మొదటి ఎలిజబెత్ రాణి తెరిచింది. 1666 మహా అగ్నిప్రమాదంలో పోయింది. మళ్ళీ కట్టారు, 1838లో పోయింది. మళ్ళీ కట్టారు, 1844లో విక్టోరియా తెరిచింది. ఇప్పుడున్నది ఆ మూడోది. మూడూ మూడు రకాల భవనాలు, ఎవరూ అచ్చం అలాగే అని పట్టుబట్టలేదు. మారనిది చోటూ, పేరూ, గ్రెషమ్ కుటుంబ చిహ్నమైన మిడత. గాలి దిశ చూపే రేకు మీద ఆ మిడత ఇప్పటికీ ఉంది. లోపల మాత్రం ఇప్పుడు ఖరీదైన షాపులు.

గ్రెషమ్ చూసొచ్చిన ఆంట్‌వెర్ప్‌ది కూడా అంతే. 1531లో కట్టింది, 1583లో కాలింది, మళ్ళీ కట్టారు, 1858లో మళ్ళీ కాలింది. 1872లో పూర్తయినదానికి ఇనుమూ గాజూ కప్పు, ఆ కాలానికి సరికొత్త టెక్నాలజీ. 1997లో మూతపడి చాలాకాలం ఖాళీగా పడుంది. బాగుచేసి 2019లో తెరిచారు, ఇప్పుడు సభలకూ విందులకూ. అందరూ అబ్బ ఎంత పాత కళ అంటారు, చూసేది 19వ శతాబ్దపు ఇనుము.

అంటే పూర్వం వర్తకులకు ఈ బెంగ లేదు. కాలితే అప్పటికి ఏది పనికొస్తే అది కట్టుకున్నారు. నకలు కట్టాలనే ఆత్రం మన కాలంది. ఓటు (ఆ).


గానుగసున్నం

మిడతజెండా గారూ, వాళ్ళకు బెంగ లేదు ఎందుకంటే వాళ్ళకు మర్నాడు పొద్దున బజారు తెరవాలి. భవనం పనిముట్టు. పనిముట్టు విరిగితే ఇంకా మంచిది చేసుకుంటాం. పైన బేరగాడు గారు చెప్పినట్టు బోర్సెన్ పనిముట్టుగా 1974లోనే రిటైరైంది. ఇప్పుడది పనిముట్టు కాదు, జ్ఞాపకం. జ్ఞాపకాన్ని మెరుగుపరచమని ఎవరూ అడగరు.

ఈ ఆత్రం మన కాలానిదే అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంట గోపురం 1902 జూలైలో తనంతట తానే కుప్పకూలింది. ఎక్కడుందో అక్కడే, ఎలా ఉందో అలాగే అని ఊరంతా పట్టుబట్టి 1912లో తిరిగి నిలబెట్టారు. పాతగోడ గారి పత్రానికి పేరిచ్చిన ఊరు అదే కావడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఇవాళ ఆ గోపురం కింద ఫోటో దిగే లక్షల మందిలో ఎంతమందికి తెలుసు అది 1912 నాటిదని?


పాతగోడ

ఎంతమందికి తెలుసు అని మీరు గొప్పగా అడుగుతున్నారు, నా బాధ సరిగ్గా అదే! తెలియదు. తెలియకుండా చేశారు.


నూరుకాగడాలు

తెలిస్తే ఏమవుతుంది? పోలండ్‌లో వార్సా పాత నగరం మొత్తం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిందే, అందరికీ తెలుసు, యునెస్కో 1980లో జాబితాలో కూడా పెట్టుకుంది. జపాన్ ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్ళకోసారి కొత్త కర్రతో కడతారు, చివరిసారి 2013లో. వాళ్ళు దాన్ని పాతదనే అంటారు, ఎందుకంటే కట్టే చేతిపని తరం నుంచి తరానికి పోతోంది. 1994లో నారా నగరంలో నిపుణులు కూర్చుని, అసలైనది అంటే ఏమిటో ఒక్కో సంస్కృతి ఒక్కోలా చూస్తుంది అని ఒప్పుకున్నారు. మీ పత్రానికి ముప్పై ఏళ్ళ తర్వాత ఈ పత్రం.


పాతగోడ

ఇసే ఉదాహరణ ప్రతి చర్చలోనూ వస్తుంది, అందుకే ఎదురుచూస్తున్నా. ఇరవై ఏళ్ళకోసారి కడతారు కాబట్టి అక్కడ వడ్రంగి విద్య ఎప్పుడూ ఆగలేదు. నేర్పినవాడు బతికి ఉండగానే నేర్చుకున్నవాడు కడతాడు. కోపెన్‌హాగెన్‌లో డ్రాగన్ శిఖరం ఆఖరుసారి చేసింది 1775లో అని గానుగసున్నం గారే అన్నారు. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య తాడు తెగిపోయింది. దాన్ని జపాన్‌తో పోల్చొద్దు.


గానుగసున్నం

తాడు తెగిందని అంత తేలిగ్గా అనకండి. ఐరోపాలో రాగి రేకు పని, రాయి చెక్కే పని, పెద్ద దూలాల వడ్రంగం నేర్పే సంప్రదాయం సన్నగానైనా మిగిలింది. మిగలడానికి ఒక కారణం ఇలాంటి పనులే. నోత్ర దామ్ కప్పుకి దూలాలు గొడ్డలితో చెక్కారు, అది చేతనైన వడ్రంగులు ఉండబట్టి. ఒక పెద్ద భవనం మళ్ళీ కడితే నాలుగైదేళ్ళ పాటు వందలమంది కుర్రాళ్ళకు పని దొరుకుతుంది, ఆ పని మరో ముప్పై ఏళ్ళు ఇంకెన్నో చిన్న భవనాలను బతికిస్తుంది. గాజు గోడ పెడితే ఆ చేతులకు పనేం ఉంది?

మా రంగంలో నిజంగా భయపడేది ఇదే. భవనం పోతే డ్రాయింగులున్నాయి. సున్నం కలిపేవాడు పోతే డ్రాయింగు లేదు.


నిర్వాహకులు

రెండు కామెంట్లు తీసేశాం, మరమ్మతు పనివాళ్ళ మీద అనుమానాలు రాసినవి. ఎవరినీ దోషులుగా చూపే రాతలు ఇక్కడ వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.


బేరగాడు

ఓటు వెయ్యనన్నాను కానీ ఒక ఉదాహరణ చెప్పి పోతాను. పారిస్ బూర్స్ ద కొమెర్స్. మొదట 18వ శతాబ్దంలో గోధుమల గిడ్డంగి, గుండ్రంగా కట్టింది. దాని మీద పెట్టిన కర్ర గోపురం 1802లో కాలిపోయింది, 1811కి ఇనుప గోపురం పెట్టారు. 1889లో సరుకుల ఎక్స్ఛేంజ్‌గా మార్చారు. ఇప్పుడు పినో కుటుంబపు కళా సేకరణకు నెలవు, 2021 మేలో తెరిచారు. జపాన్ ఆర్కిటెక్ట్ తడావో ఆండో పాత గోడని గాని గోపురాన్ని గాని ముట్టుకోకుండా, నట్టనడుమ తొమ్మిది మీటర్ల ఎత్తు కాంక్రీటు వలయం ఒకటి పెట్టాడు. కావాలంటే ఎప్పుడైనా తీసేయొచ్చు, పాతదానికి గీత కూడా పడదు.

పాతగోడ గారికి కొత్తది కనపడాలి, గానుగసున్నం గారికి పాతదాని ఊపిరి ఆగకూడదు. ఇద్దరి కోరికా తీరింది అక్కడ. కాకపోతే ఆ భవనం కాలి సగం కూలిన భవనం కాదు, కాబట్టి తేలిక. ఇక్కడ గోడే లేదు కదా నడుమ పెట్టడానికి.


మంటపటం

ఆ వలయానికి మంట కూడా అంటుకోదు. చెప్పాలనిపించింది, అంతే.


వంతెనసైకిలు

పాతగోడ గారూ, ఒక ప్రశ్న. మీ అభ్యంతరం అచ్చం అలాగే కట్టడం మీదా, లేక కొత్తదని చెప్పకుండా కట్టడం మీదా? రెండూ ఒకటి కావు కదా. కొత్త ఇటుకలున్న చోట నుంచి పాత ఇటుకలున్న చోటికి గోడ మీద సన్నటి గీత పెడితే? జర్మనీలో డ్రెస్డెన్ ఊళ్ళో ఫ్రావెన్‌కిర్షె చర్చి అలాగే ఉంటుంది. యుద్ధంలో కూలితే 2005కి తిరిగి కట్టారు, పాత రాళ్ళు నల్లగా, కొత్తవి తెల్లగా. ఎవరూ గీత కూడా గీయలేదు, రాయి రంగే చెబుతుంది. గోడ మీద చుక్కలు చుక్కలుగా, ఏది మంటల్లోంచి వచ్చిందో ఏది కొత్తగా వచ్చిందో చిన్నపిల్లవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

ఇక్కడా రాగి అలాగే అవుతుంది. కొత్త రేకు మెరుస్తుంది, తర్వాత గోధుమరంగు, పచ్చబడడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. మీరు కోరుకున్న అతుకు అన్నాళ్ళూ కనపడుతుంది.


పాతగోడ

రాత్రంతా ఇది ఆలోచించాను.

నిజమే, నేను రెండిటినీ కలిపేశాను. నాకు కోపం తెప్పించేది ఆకారం కాదు. కాలిందన్న సంగతిని కప్పిపుచ్చడం. ఫ్రావెన్‌కిర్షెలా కడితే నాకు అబద్ధం చెప్పారనిపించదు. మాస్టారు చెప్పిన పన్నెండో అధికరణం కూడా అదేగా అనేది, ఒదగాలి కానీ తెలియాలి.

శిఖరం మీద నా ఓటు మార్చుకుంటున్నా. 1775 లెక్క విన్నాక ఆ పట్టు వదిలేశాను. అది మొదట్నుంచీ మార్చుకుంటూ వచ్చిన వస్తువే, ఇంకోసారి మార్చుకోనీండి. కానీ ఏప్రిల్ 18న కూలిన ఆ గోడ మీద మాత్రం మార్చుకోను. అక్కడ కొత్త ఇటుకకు తేదీ ముద్ర ఉండాలి. రాజుగారి పేరు ఉన్నా లేకపోయినా 2024 అని ఉండాలి. దాన్ని మసిపూసి పాతగా చేశారని తెలిస్తే మళ్ళీ ఇక్కడికే వచ్చి అరుస్తాను.


గానుగసున్నం

ఇటుక కాల్చేటప్పుడే ముద్ర వేయించొచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కాకపోతే ముద్ర గోడ లోపలి వైపుకు వెళ్తుంది, వందేళ్ళ తర్వాత మరమ్మతుకు వచ్చినవాడికి తప్ప కనపడదు. సరేనా?


పాతగోడ

సగం సరే. ప్రతి పదో ఇటుక ముద్ర బయటికి తిప్పమనండి.


నూరుకాగడాలు

ఈ బేరం ఆ పాత హాల్లో జరగాల్సింది.